గోదావరి డెల్టాలో ఊరి మంచినీటి పథకానికి విపత్తు ప్రణాళిక: మట్టాలు, రోజులు లెక్కగట్టి రాసుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో నీటికి కరువు లేదని బయటివాళ్లు అనుకుంటారు. కాట్రేనికోన, అల్లవరం, సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు శివారు ఊళ్లలో ఎవరినైనా అడగండి, మే నెలలో బిందె నీళ్ల విలువ చెబుతారు. భూగర్భంలో ఉప్పునీరు, కాలువల్లో ఏడాదికి పది నెలలే మంచినీరు, జులై నుంచి సెప్టెంబరు దాకా వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. వీటన్నిటి మధ్య ఒక పంపు షెడ్డు, ఒక మంచినీటి చెరువు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు నెట్టుకురావాలి.

ఈ మార్గదర్శి పంచాయతీలకు, గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలకు, సచివాలయ ఇంజినీరింగ్ అసిస్టెంట్లకు, పంపు ఆపరేటర్లకు. లెక్కలకు 5,000 జనాభా ఉన్న ఊరిని ఉదాహరణగా తీసుకున్నాం. మీ ఊరి అంకెలు వేసుకుని మళ్లీ కట్టుకోండి.

చాలా ప్రణాళికల్లో "వరద వస్తే అప్రమత్తంగా ఉండాలి" అని ఉంటుంది. దాంతో ఏ పనీ జరగదు. స్టార్టర్ (మోటారును మొదలుపెట్టే స్విచ్చు పెట్టె) అడుగు నేలకు ఎంత ఎత్తున ఉంది, చెరువులో నీరు ఎన్ని రోజులకు వస్తుంది, ఏ వాల్వు ఎవరు కట్టాలి అనేవి రాసి ఉంటే అది ప్రణాళిక.

1. ఎవరు కూర్చోవాలి

సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, ఇంజినీరింగ్ అసిస్టెంట్, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), ఆశ కార్యకర్త, విద్యుత్ లైన్‌మన్, నీటి పరీక్షలు నేర్చుకున్న మహిళలు, కాలువ లస్కరు (కాలువ నీటిని వదిలే, కట్టే ఉద్యోగి) ఉండాలి. వీళ్లందరికన్నా ముఖ్యం పంపు ఆపరేటరు. ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీరు ఆగుతుందో చాలా ఊళ్లలో అతనికొక్కడికే తెలుసు. అది కాగితం మీదకి రాకపోతే, తుపాను రోజున అతను ఊళ్లో లేకపోవడమే అసలు విపత్తు అవుతుంది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, వనరులు సిద్ధంగా ఉంచుకోవడం స్థానిక సంస్థల పని అంటుంది. జిల్లా ప్రణాళిక కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. మీ కాగితం దానికి అతికేలా ఉండాలి కాబట్టి ఒక ప్రతి అక్కడికి వెళ్లాలి.

2. నీటి దారి గీసి, మట్టాలు కట్టండి

ఈ ఒక్క పనికి రెండు మూడు రోజులు పెట్టినా నష్టం లేదు. మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది.

ముందు కాలువ తూము నుంచి చివరి కుళాయి దాకా దారి గీయండి: తూము, మంచినీటి చెరువు, ముడినీటి పంపు, ఫిల్టరు, సంపు (నేలలో కట్టిన నీటి తొట్టి), పంపు షెడ్డు, ఓవర్‌హెడ్ ట్యాంకు, మెయిన్ లైను, వీధి లైన్లు. డ్రెయిన్లు, బోదెలు దాటే పైపులను, వంతెనల పక్కన వేలాడే పైపులను, గేట్ వాల్వులను, ఎయిర్ వాల్వులను (పైపులో గాలిని వదిలేవి), స్కవర్ వాల్వులను (పైపు కడిగిన నీరు, బురద బయటికి వదిలేవి) అందులో గుర్తుపెట్టండి. ఊరి బయట నీటి దారి కూడా గీయండి. రాజోలు దీవికి సాగునీరూ తాగునీరూ వైనతేయ పాయ మీదున్న పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం) దాటి రావాల్సిందే. మీ నీరు ఇలా ఒకే కట్టడం మీదుగా వస్తుంటే ఆ మాట ప్రణాళికలో మొదటి పేజీలో ఉండాలి.

తర్వాత మట్టాలు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మేస్త్రీలు వాడే 20 మీటర్ల పారదర్శక గొట్టంలో బుడగ లేకుండా నీరు నింపితే చాలు. వరదల్లో కదలని ఒక చోటు, అంటే బడి మెట్టో, గుడి అరుగో, మూలబిందువుగా పెట్టుకుని దాన్ని 10.00 మీటర్లు అనుకోండి. మిగతావన్నీ దాంతో పోల్చి కొలవండి. ఏవేవి కొలవాలంటే:

- స్టార్టర్, ప్యానెల్ బోర్డు అడుగు భాగం, మోటారు షాఫ్టు
- ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె
- సంపు మూత అంచు, ఫిల్టరు బెడ్ల గోడ పైభాగం
- మంచినీటి చెరువు గట్టులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు (సగటు కాదు)
- చేతిపంపు అరుగులు, ఎయిర్ వాల్వు ఛాంబర్లు, పల్లపు వీధుల్లో కుళాయిలు
- జనరేటరు ఉంటే దాని దిమ్మె

వీటి పక్కన వరద గుర్తులు రాయాలి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు) పైగా సముద్రంలోకి పోయింది. 1986 గుర్తు పెద్దవాళ్ల నోటి మాటే కావచ్చు, 2022ది మాత్రం గోడల మీద, సెల్‌ఫోన్ ఫొటోల్లో ఇంకా దొరుకుతుంది. ఒక్కరి మాట తీసుకోకుండా మూడు చోట్ల అడిగి, మూడూ గొట్టంతో కొలవండి. పది పదిహేను సెంటీమీటర్లలో కలిస్తే నమ్మవచ్చు.

తుపాను పొంగు గుర్తులు వేరే వరసలో ఉండాలి. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను, 2018 డిసెంబరులో కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ వరదలా నది వైపు నుంచి రాలేదు. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్ల మీదుగా వెనక్కి ఎక్కుతుంది. ఏటిగట్టు ఎంత బలంగా ఉన్నా ఆ నీటిని ఆపదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. అవి బ్యారేజి దగ్గరి కొలబద్ద అంకెలు, మీ వీధిలో నీటి లోతు కావు. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఉన్నప్పుడు మన రేవులో నీరు ఎక్కడుంది, మూడోదానికి ఎక్కడికొచ్చింది అని మీ మూలబిందువు లెక్కలో రాసుకోవాలి. రెండు మూడు వరదలకు రాసుకుంటే మీ ఊరికి సొంత పట్టిక తయారవుతుంది, టీవీలో అంకె వినగానే ఏది మునుగుతుందో చెప్పగలుగుతారు. ఏటిగట్టుకు లోపలున్న లంకలకూ బయటున్న ఊళ్లకూ ఒకే పట్టిక పనికిరాదు.

3. ఏ ప్రమాదం ఎంత నష్టం

ప్రమాదాలకు "ఎక్కువ, మధ్యస్థం, తక్కువ" అని పేర్లు పెట్టడం వల్ల ఏ పని ముందో తేలదు. మనిషి-రోజులు లెక్కకట్టండి: ఎంతమందికి, ఎన్ని రోజులు నీరు ఆగుతుంది, పదేళ్లలో ఎన్నిసార్లు. మూడింటినీ గుణించండి.

ఊహకు మూడు వరసలు. ప్యానెల్ మునిగితే 5,000 మందికి 6 రోజులు, పదేళ్లలో ఒకసారి: 30,000. డ్రెయిన్ మీది పైపు తెగితే 800 మందికి 4 రోజులు, పదేళ్లలో 5 సార్లు: 16,000. వేసవిలో చెరువు 12 రోజులు ముందే అడుగంటితే, రెండేళ్లకోసారి, 5,000 మందికి: 3,00,000.

అంకెలు మీ ఊళ్లో మారతాయి, వరస మాత్రం తరచూ ఇలాగే వస్తుంది. వరదకూ తుపానుకూ మంత్రులొస్తారు, కెమెరాలొస్తాయి. కాలువ కట్టేసినప్పుడు ఎవరూ రారు. అయినా డెల్టా శివారులో ఎక్కువమందికి ఎక్కువ రోజులు నీళ్లు లేకుండా చేసేది అదే. అందుకే ఈ మార్గదర్శిలో వేసవి నిల్వను విపత్తుగానే లెక్కించి అన్నిటికన్నా ముందు పెట్టాం.

4. వేసవి నిల్వ

డెల్టా కాలువలను మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు. తేదీలు సాగునీటి సలహా మండలి సమావేశాల్లో ఖరారవుతాయి. నీరు ధవళేశ్వరంలో వదిలిన రోజు ఒకటి, మీ శివారు తూముకు చేరే రోజు ఇంకొకటి. ప్రణాళికలో వేయాల్సింది రెండోదే. 60 రోజులకు 15 రోజుల జాగ్రత్త కలిపి 75 రోజులు పట్టుకుందాం.

జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. 5,000 మందికి 2,75,000 లీటర్లు, అంటే 275 ఘనపు మీటర్లు. పైపుల్లో 15 శాతం కారిపోతుందనుకుంటే చెరువు నుంచి రోజుకు 323 తీయాలి. 75 రోజులకు సుమారు 24,300.

దీనికి నష్టాలు కలపాలి. నీటి విస్తీర్ణం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు అనుకోండి. ఎండకు రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 75 రోజులకు 5,250 ఘనపు మీటర్లు. ఊటగా రోజుకు 3 మిల్లీమీటర్లు పోతే 2,250. అడుగున బురదతో కలిసి పంపుకు అందని అర మీటరు 5,000. మొత్తం 36,800. నిలువు గోడల లెక్కన 3.7 మీటర్ల లోతు నీరు కావాలి. గట్లు వాలుగా ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే.

నింపడానికి పట్టే కాలం చాలామంది లెక్కవేయరు. ఒక క్యూసెక్కు నీరు రోజంతా పారితే 2,447 ఘనపు మీటర్లు. పై చెరువు నిండాలంటే ఒక క్యూసెక్కుతో 15 రోజులు ఆగకుండా పారాలి. దాళ్వా (రబీ వరి) చివర్లో వంతుల వారీగా నీరొస్తుంది, శివారుకు సగం రోజులే అందుతుంది. అంటే 30 రోజులు. ఏప్రిల్ మధ్యలో కాలువ కట్టేస్తారంటే మార్చి మధ్యకల్లా తూము తెరిచి ఉండాలి. అప్పుడు వరి చేలకూ నీరు కావాలి కనుక రైతులతో గొడవ రావడం ఖాయం. ఆ మాట ఫిబ్రవరిలోనే నీటి సంఘంతో, లస్కరుతో తేల్చుకుని, తీర్మానం రాసి, జలవనరుల శాఖ డీఈకి (డిప్యూటీ ఇంజినీరుకు) ఇవ్వాలి.

చెరువులో కొలబద్ద పాతి దాని మీద మీటర్లతోపాటు రోజులు కూడా రాయించండి: "75 రోజులు", "60", "45", "30". పెయింటు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. మే 1న కొలబద్ద చూసి, మిగిలిన రోజులు కాలువ వచ్చే రోజులకన్నా తక్కువుంటే ఆ రోజు నుంచే సరఫరా తగ్గించాలి. చెరువు అడుగంటిన తర్వాత పొదుపు చేయడానికి ఏమీ ఉండదు.

చెరువు పనుల్లో తప్పులు ఎక్కడొస్తాయంటే:

నిల్వ పెంచుదామని లోతుగా తవ్వితే అడుగున ఉన్న బంకమట్టి పొర తెగుతుంది. కింద ఇసుక తగిలి, దాంట్లోంచి ఉప్పు ఊట ఎక్కుతుంది. తవ్వే ముందు నాలుగు మూలలా చేతి బోరుతో మట్టి చూడాలి. బంక పొర కనీసం ఒక మీటరు మిగలకపోతే తవ్వకం మానేసి గట్టు పెంచడమే మంచిది.

జూన్‌లో కాలువ వదిలాక మొదటి రెండు మూడు రోజుల నీటిని చెరువులోకి తీసుకోకూడదు. ఎండిన కాలువలో పేరుకున్న చెత్త, గుర్రపుడెక్క, మురుగు అంతా అందులోనే కొట్టుకొస్తుంది.

పక్కనే ఆక్వా చెరువులుంటే గట్టు బయట ఊట కాలువ తవ్వి, దాని నీటిని డ్రెయిన్‌లోకి పంపాలి. నెలకొకసారి గట్టు పక్క నీటి ఉప్పు శాతం కొలవాలి. మంచినీటి చెరువును చేపల పెంపకానికి పాట పెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పంచాయతీకి వచ్చే ఆ ఆదాయం కన్నా ఫిల్టర్లకయ్యే ఖర్చే ఎక్కువ.

5. వరద

ముందు ఎత్తు సంగతి. తెలిసిన అతి పెద్ద వరద గుర్తుకు 60 సెంటీమీటర్లు పైన ప్యానెల్, స్టార్టర్ ఉండాలి. షెడ్డు మొత్తం ఎత్తు పెంచాల్సిన పని లేదు. గోడకు ఇనుప చట్రం బిగించి ప్యానెల్ పైకెత్తి, కేబుల్ పొడిగించి, నిలబడి తిప్పడానికి మెట్ల దిమ్మె కట్టించడం చిన్న పని. విపత్తు నివారణ అనగానే జనరేటరు కొందామనే ఆలోచన వస్తుంది. మునిగే ఎత్తులో ప్యానెల్ ఉంచుకుని జనరేటరు కొనడం అనవసరం.

బ్లీచింగ్ బస్తాలు ప్యానెల్ గదిలో పెట్టకండి. ఆ ఆవిరికి కాంటాక్టులు తుప్పు పట్టి, సరిగ్గా అవసరమైన రోజున స్టార్టర్ పట్టదు.

ఖాళీ సంపు నీటిలో తేలుతుంది. బయటి కొలత 4 × 4 మీటర్లు, లోతు 3 మీటర్లు ఉన్న కాంక్రీటు సంపు బరువు సుమారు 35 టన్నులు. చుట్టూ నేల పైదాకా నీరెక్కితే అది పైకి తోసే బలం 48 టన్నులు. సంపు లేస్తే దానికి అతికిన పైపులన్నీ తెగుతాయి. కాబట్టి వరద కబురు రాగానే సంపు నింపాలి, శుభ్రం చేసే పని ఉంటే వరద తగ్గేదాకా ఆగాలి. ఇంటి పైకప్పు మీది ప్లాస్టిక్ ట్యాంకులూ తుపానుకు ముందు నిండుగా ఉండాలి. ఖాళీవి గాలికి ఎగురుతాయి.

మునిగిన పైపు ఎప్పుడు చెడుతుందో అర్థం చేసుకోవాలి. లైనులో ఒత్తిడి ఉన్నంతసేపు లీకుల్లోంచి నీరు బయటికే పోతుంది. మోటారు ఆపగానే పైపులో ఖాళీ ఏర్పడి, అదే లీకులోంచి, మునిగిన ఎయిర్ వాల్వులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. రోజుకు గంట నీరు వదిలే మన పద్ధతిలో ఇది రోజూ జరుగుతుంది. కాబట్టి మునిగే వీధుల లైన్లకు విడిగా గేట్ వాల్వు ఉండాలి, నీరెక్కక ముందే దాన్ని కట్టాలి. ఎయిర్ వాల్వులను వరద గుర్తు పైకి గొట్టంతో ఎత్తాలి. డ్రెయిన్ దాటే చోట పీవీసీ పైపు ఉంటే ఇనుప పైపుగా మార్చి, ప్రవాహానికి దిగువ వైపున క్లాంపులతో బిగించాలి. ఎగువ వైపున ఉంటే కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క దాన్ని తెంపుతాయి.

పనులు హెచ్చరికల వారీగా ఇలా ఉండవచ్చు. మీ పట్టిక ప్రకారం ముందుకో వెనక్కో జరుపుకోండి.

భద్రాచలంలో మొదటి హెచ్చరిక, అంటే 43 అడుగులు: ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు నింపడం. లంకలకు బ్లీచింగ్, క్లోరిన్ బిళ్లలు, 20 లీటర్ల టిన్నులు పంపడం. కనకాయలంక కాజ్‌వే లాంటివి త్వరగా మునిగిపోతాయి, ఆ తర్వాత పడవే దిక్కు.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, 11.75: ఎర్రనీరు (వరద బురద నీరు) ముదిరితే కాలువ నుంచి నేరుగా తీసుకోవడం ఆపి చెరువు నిల్వ మీద నడపడం. చెరువు గట్టు పల్లపు చోట ఇసుక బస్తాలు. పల్లపు వీధులవాళ్లకు బిందెలు నింపుకోమని మైకులో చెప్పడం.

రెండో హెచ్చరిక, 13.75: మునిగే లైన్ల వాల్వులు కట్టడం. చెయిన్ పుల్లీతో మోటారు పైకెత్తడం. 10 హెచ్‌పీ మోనోబ్లాక్ సెట్టు నలుగురు చేత్తో ఎత్తేది కాదు, షెడ్డు పైకప్పుకు హుక్కు ముందే ఉండాలి.

మూడో హెచ్చరిక, 17.75: లైన్‌మన్ చేత షెడ్డుకు కరెంటు తీయించడం, మనుషులు బయటికి రావడం. ఆ తర్వాత షెడ్డులోకి ఎవరూ దిగకూడదు.

ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిని ఎలా పంచాలో కూడా రాయండి. 90,000 లీటర్ల ట్యాంకు మామూలు వాడకానికి పూట కూడా రాదు. తాగడానికి మాత్రం మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున ఇస్తే 5,000 మందికి 6 రోజులు వస్తుంది. అందుకే వరదలో వీధి లైన్లకు వదలకుండా ట్యాంకు అడుగున నాలుగు కుళాయిల స్టాండు పెట్టి అక్కడే పట్టించాలి. ఆ స్టాండు ముందే కట్టి ఉంచండి.

స్లో శాండ్ ఫిల్టరు (ఇసుక పొరలోంచి నీటిని నెమ్మదిగా వడకట్టేది) ఉన్న ఊళ్లకు ఒక మాట. చదరపు మీటరుకు గంటకు 100 నుంచి 200 లీటర్లే దాని సామర్థ్యం. బురద నీరు నేరుగా వదిలితే గంటల్లో మూసుకుపోతుంది. పై పొర ఒకటి రెండు సెంటీమీటర్లు గీకితే మళ్లీ పారుతుంది, కానీ ఆ పొరలోని జీవం తిరిగి పెరిగే దాకా, రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు, క్లోరిన్ మోతాదు పెంచక తప్పదు. ఒక బెడ్డు గీకుతుంటే రెండోది నడవాలి. గీకి గీకి ఇసుక అర మీటరుకు తగ్గితే కొత్త ఇసుక వేయాలి. మే నెలలోనే కొలిచి తెప్పించండి.

6. తుపాను, కరెంటు

గాలికి స్తంభాలు పడితే కరెంటు వారం రాదనే అనుకోండి. 10 హెచ్‌పీ మోటారు దాదాపు 9 కిలోవాట్లు లాగుతుంది. స్టార్ డెల్టా స్టార్టర్ ఉన్నా మొదలయ్యేటప్పుడు పడే బరువుకు 20 నుంచి 25 కేవీఏ జనరేటరు కావాలి. గంటకు మూడున్నర లీటర్ల డీజిల్ చొప్పున రోజుకు 6 గంటలకు 21 లీటర్లు, వారానికి 150. తుపాను మర్నాడు బంకుల్లోనూ కరెంటుండదు, కాబట్టి ఈ 150 ముందే ఊళ్లో ఉండాలి.

సొంత జనరేటరే కొనాలని లేదు. రైసు మిల్లులు, ఆక్వా చెరువులు, ఐస్ ఫ్యాక్టరీల దగ్గర జనరేటర్లు ఉంటాయి. అక్టోబరు మొదటి వారంలోనే ఒప్పందం రాసుకోండి. ఆ రోజున వాళ్ల రొయ్యలకూ ఏరేటర్లు తిరగాలి కాబట్టి నోటి మాట నిలబడదు. షెడ్డులో చేంజోవర్ స్విచ్చి (కరెంటు లైనునో జనరేటరునో ఒక్కదాన్నే మోటారుకు కలిపేది) మాత్రం మీదే ఉండాలి. అది లేకుండా జనరేటరు కలిపితే కరెంటు లైనులోకి వెనక్కి వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

7. ఉప్పు

సముద్రపు నీటిలో లీటరుకు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. వంద బిందెల మంచినీటిలో ఒక్క బిందె సముద్రపు నీరు కలిస్తే లవణాలు 350 పెరుగుతాయి. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం మొత్తం లవణాలు 500 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా. అంటే చెరువులోకి 5 శాతం సముద్రపు నీరు ఎక్కితే ఆ చెరువు పోయినట్టే. క్లోరిన్, పటిక, ఇసుక ఫిల్టరు ఏవీ ఉప్పును తీయలేవు. చెరువును తోడి, కడిగి, మళ్లీ కాలువ నీటితో నింపడమే మార్గం. నవంబరులో తుపాను కొడితే కాలువలు పారుతుంటాయి కనుక ఇంకా నయం. మే నెల తుపానుకు ఆ అవకాశం ఉండదు. కాబట్టి మే కోసం ఎగువ ఊరి చెరువుతోనో, సమగ్ర రక్షిత నీటి పథకంతోనో ట్యాంకరు ఒప్పందం విడిగా ఉండాలి.

డ్రెయిన్ అవుట్‌ఫాల్ స్లూయిజ్ షట్టర్లు (డ్రెయిన్ చివర పోటు నీటిని ఆపే తలుపులు) సెప్టెంబరులో ఒకసారి దింపి చూడమని డ్రైనేజి ఇంజినీర్లను అడగండి. తుప్పు పట్టి సగంలో ఆగిన షట్టరు పోటు నీటిని ఆపదు.

తీరం దగ్గరి ఇసుక మెరకల్లో బావుల నీరు తియ్యగా ఉంటుంది. అది ఉప్పునీటి మీద తేలే పలచని పొర. దాంట్లో మోటారు దించి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకెక్కుతుంది. అక్కడ చేతిపంపులు, నెమ్మదిగా తోడే చిన్న మోటార్లే ఉండాలి.

8. క్లోరిన్ లెక్క

తాజా బ్లీచింగ్ పౌడరులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మన తేమకు త్వరగా తగ్గిపోతుంది కాబట్టి 25 శాతంగా లెక్కవేయండి. మామూలు మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాములైతే 60,000 లీటర్ల ట్యాంకుకు 480 గ్రాములు. పొడి నేరుగా ట్యాంకులో వేయకూడదు. బకెట్లో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట పోసి, అరగంట ఆగి వదలాలి. చివరి కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, వరద రోజుల్లో 0.5.

వరద రోజుల్లో 3 మిల్లీగ్రాముల చొప్పున పై ఊరికి రోజుకు 3.9 కిలోలు. నెలకు 25 కిలోల బస్తాలు ఐదు. జులై 1కి, మళ్లీ అక్టోబరు 1కి ఇవి చెక్క బల్లల మీద పొడిగా ఉండాలి.

మునిగిన బావికి: 2 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల నీరుంటే 9,400 లీటర్లు. ముందు బురద నీరు తోడాలి. నీరు ఊరాక 50 మిల్లీగ్రాముల చొప్పున 1.9 కిలోలు వేసి, 12 గంటలు ఆగి, వాసన పోయేదాకా తోడి, పరీక్ష చేసి వాడాలి. మునిగిన పైపు లైనుకు: 100 మిల్లీమీటర్ల పైపు కిలోమీటరుకు 7,850 లీటర్లు పడుతుంది. 25 మిల్లీగ్రాములకు 800 గ్రాములు. ముందు స్కవర్ వాల్వు తెరిచి తేట నీరు వచ్చేదాకా కడిగి, తర్వాత ఈ క్లోరిన్ నీటిని 24 గంటలు నిలిపి వదిలేయాలి. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాతో పరీక్షించండి. నీరు నల్లబడితే కలుషితం, మళ్లీ మొదటికి.

మునిగిన మోటారును మంచినీటితో కడిగి, దీపాల వేడితో ఆరబెట్టి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే పరికరంతో) ఇన్సులేషన్ చూడాలి. కనీసం 1 మెగా ఓమ్ రాకుండా కరెంటిస్తే వైండింగు కాలుతుంది. వరదకన్నా ఈ తొందరకు కాలిన మోటార్లే ఎక్కువ.

9. డబ్బు

మూడో భాగంలోని మనిషి-రోజులను పని ఖర్చుతో భాగించండి. రూపాయికి ఎక్కువ మనిషి-రోజులు కాపాడే పని పైకి వస్తుంది. ప్యానెల్ ఎత్తడం, వాల్వులు, కొలబద్ద, స్కవర్ కుళాయిలు ఎప్పుడూ పైనే తేలతాయి. వీటిని పంచాయతీ నిధులతోనే చేయవచ్చు. 15వ ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి సగం సగంగా ముడిపెట్టింది. అలాంటి నిధులకు పనులు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందే ఎక్కి ఉండాలి. గట్టు పెంచడం, కొత్త చెరువు, డ్రెయిన్ దాటే ఇనుప పైపులు పెద్ద పనులు. వాటికి అంచనాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం వేయాలి. రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందస్తు నివారణకు అదే సంఘం విడిగా పెట్టింది. జిల్లా ద్వారా అడగడానికి మీ మట్టాల పట్టికే ఆధారం.

నష్టపోయాక మరమ్మతు డబ్బు రావాలంటే ముందు ఫొటో, తర్వాత ఫొటో రెండూ కావాలి. ఏటా జూన్‌లో పథకం మొత్తాన్ని తేదీ పడేలా ఫొటోలు తీసి ఉంచండి. చాలా ఊళ్ల దగ్గర మునిగిన ఫొటోలే ఉంటాయి, అంతకుముందు అది బాగానే పనిచేసిందన్న రుజువు ఉండదు.

10. కాగితం, కసరత్తు

చివరికి మిగలాల్సింది పన్నెండు పేజీలు మించని పుస్తకం: నీటి దారి పటం, మట్టాల పట్టిక, వేసవి లెక్క, హెచ్చరికల వారీ పనులు, క్లోరిన్ మోతాదులు, ఫోన్ నంబర్లు, పనుల వరస. ప్రతి పనికీ ఒకరి పేరు, ఆయన లేకపోతే ఇంకొకరి పేరు ఉండాలి. "సంబంధిత సిబ్బంది" అని రాస్తే ఎవరూ చేయరు. హెచ్చరికల పేజీని ప్లాస్టిక్ కవరు వేసి పంపు షెడ్డులో వరద గుర్తు పైన అంటించండి.

గ్రామసభ తీర్మానంతో ఆమోదించి మండల పరిషత్తుకు, తహసీల్దారుకు, గ్రామీణ నీటి సరఫరా ఏఈకి ప్రతులు ఇవ్వండి. జూన్ చివరి వారంలో ఒకసారి, సెప్టెంబరు చివరి వారంలో ఒకసారి కసరత్తు చేయాలి: ప్రతి గేట్ వాల్వును పూర్తిగా మూసి తెరవడం, జనరేటరు కలిపి అరగంట నడపడం, మోటారును హుక్కుకు ఎత్తి దించడం, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూడటం. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు మొదటి కసరత్తులోనే విరగవచ్చు. అందుకని ఆ రోజుకు రెండు విడి వాల్వులు, గ్లాండు దారం, రబ్బరు గాస్కెట్లు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

వరదో తుపానో దాటిన పదిహేను రోజుల్లోపు కమిటీ కూర్చుని పట్టికలో కొత్త మట్టం ఎక్కించాలి. ఏ పని ఆలస్యమైందో, ఏ పేరు మారాలో అదే రోజు సవరించి, పాత ప్రతులు వెనక్కి తీసుకోండి. రెండు రకాల ప్రతులు ఊళ్లో తిరిగితే వాల్వు దగ్గర ఇద్దరు రెండు రకాలుగా తిప్పుతారు.